ఈ-మెయిల్ ఫైళ్ల భద్రత: నెట్‌వర్క్ డ్రైవ్ నకలుకే, నిత్య వినియోగానికి కాదు

భిలాయ్: సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. దానితోపాటే ఆ పట్టణంలో విడిభాగాలు, కాస్టింగులు, ఫ్యాబ్రికేషన్ పనులు చేసే చిన్న పరిశ్రమలు పెరిగాయి. ఉపాధి కోసం వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి. ఇటువంటి చిన్న సంస్థల్లో ఆర్డరు, డ్రాయింగు, సరుకుపై అభ్యంతరం, బకాయి గుర్తుచేసే లేఖ ఇప్పుడు ఎక్కువగా ఈ-మెయిల్‌లోనే నడుస్తున్నాయి.

ఆ మెయిళ్లకు చట్టపరమైన విలువ ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్న కొనుగోలుదారు, ఒప్పందం ఎలా ఉన్నా, ఆమోదించిన నాటి నుంచి 45 రోజులకు మించి చెల్లింపు ఆపరాదు. సరుకు అందిన 15 రోజుల్లోగా లిఖితపూర్వక అభ్యంతరం రాకపోతే, అందిన రోజునే ఆమోదించినట్లు లెక్క. అభ్యంతరం వచ్చిందా, ఏ తేదీన వచ్చింది అన్న వివాదం తలెత్తితే పాత మెయిలే ఆధారం. అది పాడైన ఫైలులో చిక్కుకుంటే బకాయి రాబట్టుకోవడం కష్టమవుతుంది.

మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ వాడే కార్యాలయాల్లో మెయిళ్లు తరచుగా పీఎస్‌టీ అనే ఒకే పెద్ద ఫైలులో చేరుతుంటాయి. పాప్ పద్ధతిలో మెయిల్ దించుకుని, సర్వర్‌లో ప్రతి ఉంచని సంస్థకు ఆ ఫైలే ఏకైక ప్రతి. ఎక్స్ఛేంజ్ ఖాతాల్లో కనిపించే ఓఎస్‌టీ ఫైలు సంగతి వేరు. అది సర్వర్‌లో ఉన్నదానికి స్థానిక ప్రతిబింబం మాత్రమే. కాబట్టి ముందుగా తేల్చుకోవలసింది మన మెయిల్ అసలు ప్రతి ఎక్కడుందన్నదే.

కంప్యూటర్ చెడిపోతుందన్న భయంతో చాలామంది పీఎస్‌టీని కార్యాలయ నెట్‌వర్క్ డ్రైవ్‌లోకి మార్చి, అక్కడి నుంచే నేరుగా తెరుస్తుంటారు. ఉద్దేశం మంచిదే, పద్ధతే తప్పు. కొన్ని ప్రత్యేక సర్వర్ ఏర్పాట్లలో తప్ప ఈ వాడకానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఇవ్వదు. కారణం ఫైలు నిర్మాణంలోనే ఉంది. ఔట్‌లుక్ తెరిచి ఉన్నంతసేపూ ఆ ఫైలులో అనేక చోట్ల చిన్నచిన్న భాగాలను చదువుతూ, రాస్తూ ఉంటుంది. సొంత డిస్కుపై ఇది క్షణాల్లో జరిగే పని. నెట్‌వర్క్ మీద ప్రతి అడుగూ కేబుల్, స్విచ్, సర్వర్ దాటి వెళ్లాలి. రాత మధ్యలో వైఫై తెగినా, స్విచ్‌కు కరెంటు పోయినా లోపలి సూచిక అసంపూర్తిగా మిగిలి ఫైలు దెబ్బతినవచ్చు. పైగా ఒకే పీఎస్‌టీని ఇద్దరు ఏకకాలంలో తెరవలేరు.

అందువల్ల వాడుతున్న ఫైలు సొంత కంప్యూటర్‌లో ఉండాలి, దాని నకలు మాత్రమే నెట్‌వర్క్ డ్రైవ్‌కు చేరాలి. ఇక్కడ మరో చిక్కుంది. ఔట్‌లుక్ తెరిచి ఉండగా ఫైలుకు తాళం పడుతుంది. సాధారణ కాపీ ప్రోగ్రాములు దానిని వదిలేసి మిగతావి తీసుకుపోతాయి. రాత్రి బ్యాకప్ నివేదికను ఎవరూ చదవరు గనుక లోపం నెలల తర్వాత గాని బయటపడదు. పని ముగిశాక ఔట్‌లుక్ మూసి, ఆపైన కాపీ నడిచేలా సమయం నిర్ణయించడమే తేలిక మార్గం.

ఫైలు పరిమాణమూ ముఖ్యమే. ఔట్‌లుక్ 2002 వరకు వాడిన పాత రూపానికి పరిమితి 2 జీబీ. 2003, 2007 వెర్షన్లలో డిఫాల్టుగా 20 జీబీ, 2010 నుంచి 50 జీబీ. ఒక్క మెయిల్ వచ్చినా ఫైలంతా మారినట్లే కనుక సాధారణ కాపీ పద్ధతిలో మొత్తం మళ్లీ వెళ్తుంది. ఏడాదికో పీఎస్‌టీ చొప్పున విడదీస్తే పాతవాటిని ఒక్కసారి భద్రపరిచి వదిలేయవచ్చు.

నిన్నటి నకలుపైనే నేటిది రాయడం ప్రమాదకరం. ఫైలు నిన్ననే చెడిపోయి ఉంటే మంచి ప్రతి చెరిగిపోతుంది. తేదీలవారీగా కొన్ని ప్రతులు మిగిలి ఉండాలి. కనీసం ఒకటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని బాహ్య డిస్కుపై ఉండాలి. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన వాన్నాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నింటినీ తాకింది. ఇటువంటి రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌కు అనుసంధానమై ఉన్న నెట్‌వర్క్ డ్రైవ్‌లోని ఫైళ్లనూ లాక్ చేయగలదు. పెద్ద సంస్థలకూ ఇదే సూత్రం. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపంతో కొందరు జీమెయిల్ వినియోగదారుల మెయిళ్లు మాయమైనప్పుడు, గూగుల్ వాటిని ఆన్‌లైన్‌లో లేని టేపుల నుంచి తిరిగి తెచ్చింది.

పీఎస్‌టీ చెడిపోతే ఔట్‌లుక్‌తో వచ్చే స్కాన్‌పీఎస్‌టీ సాధనం కొంతవరకు సరిచేస్తుంది. దానిని అసలు ఫైలుపై కాక నకలుపై నడపాలి. నెలకోసారి ఏదో ఒక నకలును ఔట్‌లుక్‌లో తెరిచి, పాత మెయిల్ ఒకటి, దాని అటాచ్‌మెంట్‌తో సహా, వస్తుందో లేదో చూడాలి.

వివాదం న్యాయస్థానానికి వెళ్తే మరో అవసరం తోడవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు ధ్రువపత్రం సమర్పించాలి. అందులో ఫైలు హ్యాష్ విలువను పేర్కొనాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఈ విలువ మారిపోతుంది. రోజూ తెరిచే పీఎస్‌టీకి ఇది నిలకడగా ఉండదు కాబట్టి, వివాదం మొదలైన రోజునే విడిగా ఒక నకలు తీసి, దాని హ్యాష్ విలువను నమోదు చేసి, ఆ ప్రతిని మళ్లీ ఔట్‌లుక్‌లో తెరవకుండా ఉంచాలి.