చింతపండు నుంచి బఫింగ్ చక్రం దాకా

వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న అప్పనపల్లి బాలబాలాజీ ఆలయంతో పేరుపొందింది. అలాంటి గోదావరి గ్రామాల్లో లోహానికి మెరుపు తేవడమంటే మొదట ఇత్తడి, రాగి, కంచు తోమడమే. చింతపండు పులుపు చిలుమును కరిగిస్తుంది. ఇటుక పొడి, కొబ్బరి పీచు రాపిడితో మిగిలినది వదిలిస్తాయి. గోదావరి ఆవలి ఒడ్డున పెరవలి మండలంలోని అజ్జరం ఇత్తడి, కంచు సామాన్ల తయారీకి పేరుపొందింది.

అల్యూమినియం ఆలస్యంగా వచ్చింది. 1886లో శాస్త్రవేత్తలు హాల్, హెరౌల్ట్ వేర్వేరుగా కనిపెట్టిన విద్యుద్విశ్లేషణ పద్ధతితో దాని ధర పడిపోయింది. 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. అప్పటికి గోదావరి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే.

కొత్త లోహానికి పాత చిట్కాలన్నీ పనికిరాలేదు. గాలి తగలగానే దాని మీద పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. పాత్రలు తోమే బూడిదలోని క్షారం ఆ పొరను తిని లోహాన్ని నల్లబరుస్తుంది. అందుకే అల్యూమినియంతో చేసే కారు చక్రాల రిమ్ములు, ఇంజిన్ కవర్ల వంటి భాగాలకు వేరే పద్ధతి స్థిరపడింది. ముందు పాత పూత తీసేస్తారు. తర్వాత నీటి ఎమెరీ కాగితంతో ముతక నుంచి నున్నదానికి, సుమారు 400 నుంచి 2000 నంబరు వరకు, ఒక్కో దశలో వెనకటి గీతలు పోయేదాకా రుద్దుతారు. ఓపిక ఖర్చయ్యేది ఇక్కడే; ఒక్క దశ దాటేసినా గీత చివరి మెరుపులో బయటపడుతుంది. ఆపై మైనంలాంటి పాలిష్ పట్టించిన గుడ్డ చక్రం, అంటే బఫింగ్, లోహాన్ని అద్దంలా మెరిపిస్తుంది.

అప్పనపల్లి ఉన్న కోనసీమకు సముద్రం దగ్గర. ఉప్పుగాలిలోని క్లోరైడు ఆక్సైడ్ పొరను ఛేదించి చిన్న గుంటలు చేస్తుంది. కాబట్టి తీర ప్రాంతంలో పాలిష్ తర్వాత మైనం గానీ, పారదర్శకమైన పూత గానీ వేయాలి.