చెప్పుతోలు నుండి రాతినార వరకు

అనంతపురం జిల్లా కణేకల్ పరిసరములను ఎరిగినవారికి హగరి ఇసుక సంగతి చెప్పనక్కరలేదు. వేదవతి అని కూడ పిలువబడు ఆ యేటి ఒడ్డున గాలి లేచినపుడెల్ల ఇసుక కదలి పొలములమీద దిబ్బలు కట్టుచుండును. అందులో హెచ్చుగా ఉండు స్ఫటికపు రేణువు పోత ఇనుముకంటె గట్టిది. అది కారు చక్రములోని డిస్కునకును బ్రేకు ప్యాడునకును నడుమ చిక్కినచో రెంటిని గీచివేయును. కనుక ఇట్టి ఊళ్ళలో కారు గలవారు ఎన్నడో ఒకనాడు చక్రము విప్పి, అరిగిన ప్యాడును మార్చక తప్పదు. మొదటిసారి ఇంటి ముంగిట ఈ పనికి పూనుకొన్నవారు ఒక సంగతి గమనింతురు: చక్రము లోపలి భాగమంతయు నల్లని పొడి కప్పియుండును. ఈ పొడికి ఒక చరిత్ర కలదు.

అరుగుటయే ప్యాడు చేయు పని. 1000 కిలోగ్రాముల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగమున పోవునపుడు దానియందలి గతిజశక్తి 2 లక్షల జౌళ్ళు. కారు ఆగినంతనే ఆ శక్తి నశింపదు; చాలవరకు బ్రేకులలో ఉష్ణముగా మారును. 20 డిగ్రీల చల్లని నీటిని 600 మిల్లీలీటర్లు మరుగు స్థితికి తెచ్చుటకు ఆ ఉష్ణము చాలును. ఇంత వేడిని ఓర్చుచు, తాను మెల్లగా అరిగిపోవుచు, చక్రమును పట్టి నిలుపు పదార్థమేది? బండ్లు చేసినవారిని చిరకాలము వేధించిన ప్రశ్న ఇదియే.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అను జర్మను వనిత తన ఇద్దరు కుమారులతో, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మోటారు బండిపై మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు బయలుదేరెను. దూరము సుమారు 100 కిలోమీటర్లు. కొండదారులు దిగునపుడు కొయ్య బ్రేకులు అరిగిపోసాగెను. ఆమె దారిలో ఒక చెప్పులు కుట్టువానిని పిలిచి ఆ దిమ్మలకు తోలు కొట్టించెను. మోటారు బండి చరిత్రలో తొలి బ్రేకు లైనింగుగా చెప్పబడునది ఇదియే. ఏ పట్టభద్రుడైన ఇంజనీరు కాదు, దారినపోవు ప్రయాణికురాలును ఒక చెప్పుల పనివాడును కలిసి దానిని కనిపెట్టిరి!

ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ కూడ కొండదారులనుండియే నేర్చుకొనెను. డెర్బీషైరు గుట్టలలో గుఱ్ఱపుబండ్లవారు పాత బూట్ల తోలును బ్రేకు దిమ్మలకు వాడుట అతడు చూచెను. 1897లో ప్రయోగములారంభించి, నూలు పట్టీలను తారువంటి పదార్థములలో నానబెట్టి లైనింగులు చేసెను. గుఱ్ఱపుబండికి అవి చాలెను గాని, మోటారు వేగమునకు నూలు మాడిపోయెను. 1908 నాటికి అతడు రాతినారను, అనగా ఆస్‌బెస్టాసును, ఆశ్రయించెను. నారవలె వడుకవచ్చును, రాయివలె మండదు. ఇంతకంటె ఏమి కావలెను?

ఆ రాయి రాయలసీమకు కొత్తది కాదు. కణేకల్‌కు ఆగ్నేయముగా, కడప జిల్లా పులివెందుల ప్రాంతమున, సున్నపురాయిలోనికి పూర్వము కరిగిన నల్లరాయి చొచ్చినచోట తెల్లని రాతినార ఏర్పడినది. దానిని గనులనుండి త్రవ్వి తీసిరి.

కాని వేడిని ఓర్చు ఆ నారయే ఊపిరితిత్తులకు శత్రువైనది. పోగులు కంటికి కానరానంత సన్ననివి. లోపల చేరినవి కరగవు. రోచ్‌డేల్‌లో చిన్నతనము నుండి రాతినార వడికిన నెల్లీ కెర్షా 1924లో 33వ యేట మరణించెను. ఆమె వ్యాధిని వైద్యపత్రిక ప్రకటించినది. 1930లో బ్రిటిషు ప్రభుత్వ విచారణ ఆ మిల్లుల కార్మికులలో ఈ వ్యాధి ఎంత వ్యాపించెనో తేల్చెను. అయినను బ్రిటనులో దాని వాడుకను పూర్తిగా నిషేధించుటకు 1999 వరకు పట్టినది. తెలిసిన తరువాత డెబ్బది యేండ్లు జాగు చేయుట క్షమింపదగినది కాదు. మన దేశమున 1986లో కొత్త గనులకు కౌలు నిలిపిరి. దిగుమతి మాత్రము ఆగలేదు.

ఇంటిలో ప్యాడు మార్చుట సాధ్యమైనది డిస్కు బ్రేకు వలన. లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు పొందినను, 1953లో లె మాన్ పందెమున జాగ్వార్ కారు గెలిచిన తరువాతనే అది విరివిగా వ్యాపించెను. అంతకు ముందు డ్రమ్ములోని లైనింగును రివిట్లతో కొట్టించుటకు పనివాని వద్దకు పోవలసియుండెను. డిస్కు ప్యాడు అట్లు కాదు. చదునైన నేలపై చక్రములకు రాళ్ళు పెట్టి, జాకీ ఒక్కదానినే నమ్మక స్టాండు కూడ ఉంచి, కాలిపరు బోల్టు విప్పి, పిస్టనును మెల్లగా వెనుకకు నెట్టి, కొత్తవి కూర్చవచ్చును. ఒక ప్రక్క మార్చినచో రెండవ ప్రక్కయు మార్చవలెను. లేనిచో కారు ఒక వైపునకు లాగును. పని ముగిసిన తరువాత కారు కదలించుటకు ముందే పెడలును గట్టిపడువరకు పలుమార్లు త్రొక్కవలెను. వెనుకకు నెట్టిన పిస్టను ముందుకు రానిదే బ్రేకు పట్టదు.

ఇక ఆ నల్లని పొడి. పాత ప్యాడులో ఏమున్నదో చూచి చెప్పుట అసాధ్యము. కావున నోటితో ఊదరాదు, గాలిపంపు పట్టరాదు, పొడి గుడ్డతో దులుపరాదు. తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను. కొత్త ప్యాడు కొనునపుడు పెట్టెమీద రాతినార లేదను మాట ఉన్నదా యని చూడవలెను.