ఎవర్‌నోట్

ఎవర్‌నోట్ అనునది గమనికలను వ్రాసుకొని, భద్రపరచుకొని, అవసరమైనపుడు వెదకి తీసుకొనుటకు ఉపయోగపడే ఒక సాఫ్టువేరు. ఇదే పేరు గల సంస్థ దీనిని అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియాలో అభివృద్ధి చేసింది. 2008లో ప్రజలందరికీ అందుబాటులోకి వచ్చిన ఈ సేవ, "ఫ్రీమియం" అనే వ్యాపార పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఉచిత సేవ వలన ఒక అంకుర సంస్థ ఎంత వేగంగా ఎదగగలదో, ఆ ఉచితమే తరువాత ఎంత భారం కాగలదో ఈ సంస్థ చరిత్రలో చూడవచ్చును. 2023 జనవరిలో ఇది ఇటలీలోని మిలాన్ నగరానికి చెందిన బెండింగ్ స్పూన్స్ సంస్థ చేతికి వచ్చింది.

పేరు, చిహ్నము

వ్రాసుకొన్నది ఎల్లకాలము నిలిచి ఉండవలెనన్న భావము ఈ పేరులోనే కలదు. సంస్థ చిహ్నము ఆకుపచ్చ రంగులోని ఏనుగు తల. ఏనుగు దేనినీ మరచిపోదని ఆంగ్లములో ఒక నానుడి ఉన్నది. చిహ్నములోని ఏనుగు చెవి, పుస్తకములో గుర్తుకోసం మడిచిన పుట అంచు వలె ఉంటుంది.

తొలి దశ

సంస్థ స్థాపకుడు స్టెపాన్ పాచికోవ్. ఇతడు సోవియట్ యూనియన్‌లో జన్మించిన సాఫ్టువేరు నిపుణుడు. ఇతడు 1989లో మాస్కోలో నెలకొల్పిన పారాగ్రాఫ్ సంస్థ చేతివ్రాతను గుర్తించే సాఫ్టువేరును తయారుచేసింది. ఆపిల్ కంపెనీ 1993లో విడుదల చేసిన న్యూటన్ అనే చేతి కంప్యూటరులో దానిని వాడారు. మనిషి జ్ఞాపకశక్తికి కంప్యూటరు తోడుగా నిలవవలెనన్నది పాచికోవ్ ఆశయము. ఎవర్‌నోట్ తొలి రూపము విండోస్ కంప్యూటర్లలో మాత్రమే పనిచేసేది. అందులో గమనికలన్నీ అంతులేని కాగితపు చుట్ట వలె ఒకదాని క్రింద ఒకటి కనిపించేవి.

2007లో ఫిల్ లిబిన్ ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యాడు. ఇతని హయాములో ఎవర్‌నోట్ ఒక కంప్యూటరుకు పరిమితమైన సాఫ్టువేరు నుండి అంతర్జాల సేవగా మారింది. ఒకచోట వ్రాసినది వాడుకరి యొక్క ఇతర కంప్యూటర్లలోను, సెల్‌ఫోనులోను కూడా కనబడేది. ఫోటోలలోని అక్షరాలను సైతం గుర్తించి వెదకిపెట్టే సౌకర్యము దీనికి ప్రత్యేక ఆకర్షణ అయినది. 2008 జూన్ 24న ఈ సేవను అందరికీ తెరిచారు. అదే సంవత్సరం జూలైలో ఆపిల్ తన ఐఫోన్ యాప్ స్టోరును ప్రారంభించినపుడు, తొలి రోజునే అందులో ఉన్న యాప్‌లలో ఎవర్‌నోట్ ఒకటి. కొత్త దుకాణములో సరకులు తక్కువగా ఉన్న సమయము కావున వాడుకరుల దృష్టి దీనిపై సులభముగా పడింది.

2008 చివరిలో ఆర్థిక సంక్షోభము కారణంగా, రావలసిన పెట్టుబడి ఆఖరి క్షణములో ఆగిపోయింది. సంస్థను మూసివేయుటకు సిద్ధపడిన రాత్రి, స్వీడన్ దేశస్థుడైన ఒక వాడుకరి నుండి మెచ్చుకోలు ఉత్తరము వచ్చినదని, అతడే 5 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి సంస్థను నిలబెట్టాడని లిబిన్ తరువాత పలు సభలలో చెప్పాడు.

ఫ్రీమియం పద్ధతి

"ఫ్రీ", "ప్రీమియం" అనే రెండు ఆంగ్ల పదాల కలయికతో 2006లో ఈ మాట పుట్టింది. మూల సేవను అందరికీ ఉచితముగా ఇచ్చి, అదనపు సౌకర్యములు కోరినవారి వద్ద మాత్రమే చందా తీసుకొనుట దీని సారాంశము. ఎవర్‌నోట్‌లో ఉచిత ఖాతాదారు నెలకు కొంత పరిమాణము వరకే కొత్త సమాచారమును చేర్చగలిగేవాడు. నెలకు 5 డాలర్లు లేదా సంవత్సరమునకు 45 డాలర్లు చెల్లించినవారికి ఈ హద్దు బాగా పెరిగేది.

ఈ పద్ధతిలోని లెక్కను ఒక ఉదాహరణతో గ్రహించవచ్చును. వెయ్యిమంది వాడుకరులలో 20 మంది సంవత్సరానికి 45 డాలర్ల చొప్పున చెల్లిస్తే వచ్చే ఆదాయము 900 డాలర్లు. అనగా ఒక్కొక్క వాడుకరికి సగటున 90 సెంట్లు మాత్రమే. వెయ్యిమందికీ సేవలందించే ఖర్చు ఇంతకు మించితే, వాడుకరులు పెరిగిన కొద్దీ నష్టము కూడా పెరుగుతుంది.

ఎవర్‌నోట్‌కు కలిసివచ్చిన అంశము కాలము. చేరిన మొదటి నెలలో చందా కట్టేవారు అతి స్వల్పము. అయితే గమనికలు పోగుపడిన కొద్దీ ఆ ఖాతా విలువ వాడుకరి దృష్టిలో పెరుగుతుంది. కావున ఏళ్ళ తరబడి వాడుతున్నవారిలో చందాదారుల నిష్పత్తి క్రమముగా హెచ్చేదని లిబిన్ వివరించేవాడు. సమాచారము వాడుకరిదేనని ప్రకటించడము, దానిని ఎప్పుడైనా బయటకు తీసుకుపోయే వీలు కల్పించడము కూడా ఈ దీర్ఘకాలిక నమ్మకమును పెంచుటకే.

ఎదుగుదల

2010లో సెకోయా క్యాపిటల్ ఆధ్వర్యములో 2 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. 2012 మే నెలలో మరో 7 కోట్ల డాలర్లు సమకూరినపుడు సంస్థ విలువ 100 కోట్ల డాలర్లుగా లెక్కకట్టారు. 2014 మే నాటికి నమోదైన వాడుకరుల సంఖ్య 10 కోట్లకు చేరింది. చైనా కొరకు 2012లో యిన్‌షియాంగ్ బీజీ అనే పేరుతో ప్రత్యేక సేవను ప్రారంభించగా, అది 2018లో స్వతంత్ర సంస్థగా వేరుపడింది.

విస్తరణ, సమస్యలు

ఆదాయ మార్గములు పెంచుటకు సంస్థ అనేక దిక్కులకు విస్తరించింది. 2011లో స్కిచ్‌ను, 2012లో పెనల్టిమేట్‌ను కొనుగోలు చేసింది. వంటల వివరాలకు ఒకటి, కలిసిన మనుషులను గుర్తుంచుకొనుటకు ఒకటి వేర్వేరు యాప్‌లు విడుదల చేసింది. 2013లో ఎవర్‌నోట్ మార్కెట్ పేరుతో సంచులు, మేజోళ్ళు వంటి వస్తువులను సైతం అమ్మింది. వీటిలో ఎక్కువ భాగము నిలదొక్కుకోలేదు. వంటల యాప్ 2015లోను, మార్కెట్ 2016లోను మూతపడ్డాయి.

ఈలోగా అసలు సాఫ్టువేరులో లోపాలు పెరిగాయి. 2013 మార్చిలో చొరబాటుదారులు సంస్థ కంప్యూటర్లలో ప్రవేశించగా, సుమారు 5 కోట్లమంది వాడుకరుల సంకేతపదాలను మార్పించవలసి వచ్చింది. 2014 జనవరిలో నాణ్యతపై విమర్శలు రాగా, కొత్త హంగులకంటె ఉన్నవాటిని సరిచేయుటయే ముఖ్యమని లిబిన్ ప్రకటించాడు. అదే సమయములో పోటీ కూడా ముదిరింది. గూగుల్ 2013లో కీప్‌ను ఉచితముగా ప్రవేశపెట్టగా, మైక్రోసాఫ్ట్ 2014లో వన్‌నోట్‌ను ఉచితము చేసింది. ఇతర వ్యాపారాల ద్వారా ఆదాయము గల ఈ కంపెనీలకు గమనికల సేవ నుండి లాభము రావలసిన అగత్యము లేదు. ఎవర్‌నోట్‌కు మాత్రము అదే జీవనాధారము.

నాయకత్వ మార్పులు

2015 జూలైలో గూగుల్‌లో పనిచేసిన క్రిస్ ఓనీల్ లిబిన్ స్థానములోకి వచ్చాడు. ఆ సెప్టెంబరులో 47 మందిని తొలగించి, మూడు విదేశీ కార్యాలయాలను మూసివేశారు. 2016 జూన్‌లో ఉచిత ఖాతాను రెండు పరికరాలకు పరిమితము చేసి, చందా ధరలు పెంచారు. అదే సంవత్సరం డిసెంబరులో, సాంకేతిక పరీక్షల కొరకు ఉద్యోగులు కొందరి గమనికలను చదివే అవకాశమిచ్చే నిబంధనను ప్రకటించి, వాడుకరుల ఆగ్రహము చూసి వెనక్కు తగ్గారు. 2018లో బాధ్యతలు చేపట్టిన ఇయాన్ స్మాల్ ఆధ్వర్యములో యాప్‌లన్నిటినీ తిరగవ్రాసి 2020లో విడుదల చేశారు. పాత రూపములోని కొన్ని సౌకర్యాలు ఇందులో లేకపోవడము చిరకాల వాడుకరులను నిరుత్సాహపరచింది.

బెండింగ్ స్పూన్స్ యాజమాన్యము

ఈ విక్రయమును 2022 నవంబరులో ప్రకటించారు. 2023 ఫిబ్రవరిలో 129 మందిని తొలగించారు. జూలైలో అమెరికా, చిలీ దేశాలలోని సిబ్బందిలో అత్యధికులను తొలగించి, కార్యకలాపాలను ఐరోపాకు తరలించారు. 2023 డిసెంబరు 4 నుండి ఉచిత ఖాతాను 50 గమనికలకు, ఒకే నోటుపుస్తకమునకు పరిమితము చేశారు. అంతకుముందు ఈ హద్దు లక్ష గమనికలు, 250 నోటుపుస్తకములు. పరిమితి దాటినవారు పాత గమనికలను చదువుకొనుటకు, బయటకు తీసుకొనుటకు వీలుంచారు గాని, కొత్తవి చేర్చుటకు చందా తప్పనిసరి అయినది.

ప్రాముఖ్యత

ఉచిత వాడుకరులను భావి చందాదారులుగా భావించి ఓపికతో ఎదురుచూడవచ్చునని ఎవర్‌నోట్ ఎదుగుదల నిరూపించింది. అయితే ఉచిత హద్దును ఒకసారి విశాలముగా గీసిన తరువాత దానిని కుదించుట కష్టము. కొత్తగా వచ్చినవారికి అది ఒక షరతు మాత్రమే. పదేళ్ళ వ్రాతలను అప్పగించినవారికి మాటతప్పడముగా తోస్తుంది. వాడుకరుల జ్ఞాపకాలను దాచే సంస్థకు నమ్మకమే మూలధనము కావున, ధరల నిర్ణయము కేవలము లెక్కల వ్యవహారము కాదనుటకు ఈ చరిత్ర ఒక నిదర్శనము.