గొంతు దిగని తొలి గుక్క

సిరిసిల్ల జిల్లా బోయినపల్లి నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. అన్నవాహిక మూసుకుపోయి పుట్టిన బిడ్డకు ఆ దారి పొడవే సగం గండం.

తల్లి కడుపులో నాలుగో వారం ప్రాంతంలో ఒకే గొట్టం రెండవుతుంది. ముందుది శ్వాసనాళం, వెనుకది అన్నవాహిక. మూడు నాలుగు వేల కాన్పుల్లో ఒకచోట ఈ పని తప్పుతుంది. ఎక్కువ మందిలో అన్నవాహిక పైకొస సంచిలా మూసుకుపోయి, కిందికొస పోయి శ్వాసనాళానికి అతుక్కుంటుంది. దిగని ఉమ్మి నోట నురుగై వస్తుంది. పొట్టలోని ఆమ్లం ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. పాలు తాపగానే బిడ్డ నీలబడుతుంది. పురుళ్లన్నీ ఇళ్లల్లోనే జరిగిన రోజుల్లో పాలు అడ్డంపడి పోయారనుకున్న పసికందుల్లో ఇలాంటివాళ్లెందరో, లెక్క రాసినవాళ్లెవరు?

1697లోనే ఇంగ్లండ్ వైద్యుడు థామస్ గిబ్సన్ ఈ లోపాన్ని వర్ణించాడు. అయినా బిడ్డలు దక్కడానికి 1939 దాకా ఆగాల్సొచ్చింది. ఆ ఏడు అమెరికాలో లోగన్ లెవెన్, విలియం లాడ్ ఎవరికివారు పొట్టకు రంధ్రం పెట్టి పాలుపోస్తూ, విడతలుగా ఆపరేషన్లు చేసి పిల్లల్ని నిలబెట్టారు. 1941 మార్చిలో మిషిగన్‌లోని యాన్ ఆర్బర్‌లో కామెరాన్ హైట్, 12 రోజుల ఆడపిల్లకు శ్వాసనాళంతో ఉన్న అతుకు తెంచి, అన్నవాహిక కొసలు రెండూ ఒకే విడతలో కలిపి కుట్టాడు. కుట్టు కారింది, పిల్ల బతికింది. అంతకుముందు ఆయన చేసిన ఇలాంటి ఆపరేషన్లేవీ ఫలించలేదు. ఆ చేతి నేర్పు కన్నా ఆ మొండితనమే నాకు గొప్పగా తోస్తుంది.

మన కథ హైదరాబాద్‌లోని నిలోఫర్ ఆసుపత్రి మీదుగా నడుస్తుంది. నిజాం చిన్న కోడలు, ఒట్టోమన్ రాజకుమారి నిలోఫర్. 1949లో ఆమె పరిచారిక కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి వచ్చిన ఆసుపత్రి 1953లో తెరుచుకుంది. 2005లో 108 వాహనం, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక దారి కొంత దగ్గరైంది. సిరిసిల్లలో 2023లో వైద్య కళాశాల పెట్టారు. కానీ పసిగుడ్డు ఛాతీ తెరవాలంటే పిల్లల సర్జన్, మత్తు డాక్టర్, వెంటిలేటర్, దాని పక్కన రాత్రంతా మేలుకొనే నర్సు ఒక్కచోట కుదరాలి.

ఊళ్లో జరగాల్సింది మాత్రం చిన్నదే. నురుగు ఆగకపోతే నోట్లోంచి గొట్టం వేసి చూస్తారు. అది సుమారు 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిందా, ఇక చుక్క పాలు పట్టరు. తల ఎత్తుగా పెట్టి, దారంతా ఉమ్మి లాగేస్తూ తీసుకుపోతారు.

ఆపరేషన్‌తో పని అయిపోదు. కుట్టిన చోట ఇరుకైతే మళ్లీ వెడల్పు చేయించాలి. కొందరికి గరగర దగ్గు ఏళ్ల తరబడి ఉంటుంది. పాత కాగితాలు చూడని డాక్టర్ దాన్ని ఉబ్బసం కింద జమకట్టే వీలుంది.