సున్నా పొడవు రేఖకు దూరం ఎంత?

రెండు కొనలూ ఒకేచోట పడి బిందువైపోయిన రేఖాఖండం, మూడు శీర్షాలూ ఒకే గీత మీదికి వచ్చి చదునైపోయిన త్రిభుజం: క్షీణాకృతులంటే ఇవే. గణన జ్యామితి వీటిని లొంగదీసిన కథను మామూలుగా రెండు మాటల్లో చెప్పేస్తారు. 1970ల్లో షామోస్, హోయ్ వంటి పరిశోధకుల తరం ఇలాంటివి ఎదురుకావని అనుకుని ముందుకు సాగింది. 1990లో ఎడెల్స్‌బ్రూనర్, మ్యూకే ప్రతి బిందువునూ ఊహలో రవ్వంత కదిపి క్షీణతనే లేకుండా చేశారు. సమస్య తీరిపోయింది.

దూరాల విషయంలో ఈ కథ నాకు అతికినట్టు లేదు. బిందువు గీతకు ఎడమనా, కుడినా అని తేల్చాల్సినచోట కదపడం పనికొస్తుంది. రేఖాఖండం కుంచించుకుపోయి బిందువైనా దూరం మాత్రం ఎక్కడా తెగదు, దానికి విలువ ఉంటూనే ఉంటుంది. చెడేది సూత్రం: పొడవు వర్గంతో భాగించబోతే హారం సున్నా. కదిపే పద్ధతి కన్నా క్షీణతను నేరుగా ఎదుర్కోవడమే తరచుగా తేలికని బుర్నికెల్, మెల్‌హార్న్, షిర్రా 1994లోనే వాదించారు.

ఆ పని అప్పటికే రోబోల మీద పనిచేసేవాళ్లు చేస్తున్నారు. 1985లో లుమెల్‌స్కీ రెండు రేఖాఖండాల మధ్య దూరం లెక్కిస్తూ, ఏదైనా బిందువైపోయిందా, రెండూ సమాంతరమా అన్నది మొదటి మెట్టులోనే చూశాడు. 1988లో గిల్బర్ట్, జాన్సన్, కీర్తి కుంభాకార ఘనాల మధ్య దూరానికి ఇచ్చిన పద్ధతిలో వాడుకునే చతుర్ముఖి దాదాపు చదునైతే నిర్ధారకాల గుర్తులు నమ్మదగ్గవి కావు. అందుకే ఓ ప్రత్యామ్నాయ దారి పెట్టారు. వాళ్ల గురి సిద్ధాంతం మీద కాదు, సంఖ్యలను దగ్గరి విలువకు సవరించడంలో వచ్చే దోషాల మీద. ఆ మాట ఒప్పుకోవాలి. వాన్ డెన్ బెర్గెన్ 1999లో ఆ దారిని పక్కనపెట్టి, ఆగే షరతులను బిగించాడు. 2017లో మోంటనారి బృందం ఆ నిర్ధారకాల గుర్తులు చూసే జాన్సన్ ఉపపద్ధతినే మార్చేసింది. మూడు దశాబ్దాలు తిరగదోడిన చోటు తీరిన సమస్య ఎలా అవుతుంది?

ఇప్పటి కోడ్‌లో ఎక్కువగా కనిపించేది 'హారం ఇంతకన్నా చిన్నదైతే సున్నా అనుకో' అన్న ఒక గీటు. కొలత మీటర్లలోనా, మిల్లీమీటర్లలోనా అని ఆ గీటు అడగదు. అదీ లేనిచోట మరీ ఘోరం. సున్నాను సున్నాతో భాగిస్తే వచ్చే 'సంఖ్య కానిది' ఏ పోలికలోనూ చిన్నదిగా తేలదు. కనిష్ఠ దూరం వెతికే లూప్ ఆ రేఖాఖండాన్ని చప్పుడు చేయకుండా దాటేసి, పక్కదాన్ని దగ్గరిదిగా చూపిస్తుంది. ఇంతకన్నా ప్రోగ్రాం ఆగిపోవడమే నయం.