నెలచందా డాక్టరు

సియాటిల్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేవి మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఆగకుండా కురిసే వాన. కాఫీ కూడా కలుపుకోండి. ఈ ఊరు ఇంకో సంగతికి కూడా పుట్టిల్లని చాలామందికి తెలీదు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఫీజు ఇవ్వడం కాకుండా, ఏడాదికింత అనో నెలకింత అనో ముందే చందా కట్టి, "ఈ డాక్టరు మా డాక్టరు" అని పెట్టుకునే పద్ధతి ఇప్పుడు అమెరికా అంతా పాకింది. ఇప్పటి రూపంలో అది మొదలైంది ఇక్కడే, 1996లో.

ఈ ఊరి పక్కనే బాతెల్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. పిల్లల జ్వరాలు, మా వారి బీపీ, అత్తగారి షుగరు అన్నీ ఇక్కడే చూసుకున్నాం. ఈ డాక్టర్ల చరిత్ర నాకెందుకు పట్టిందో కాసేపట్లో చెప్తాను. ముందు కథ వినండి.

సియాటిల్‌కి అప్పట్లో సూపర్‌సోనిక్స్ అని ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. దానికి డాక్టరుగా పనిచేసిన హోవర్డ్ మారన్, స్కాట్ హాల్ అనే ఇంకో డాక్టరుతో కలిసి 1996లో ఎండీ స్క్వేర్డ్ అనే క్లినిక్ పెట్టారు. జట్టులో ఆటగాడికి మోకాలు నొప్పి వస్తే డాక్టరు పక్కనే ఉంటాడు కదా, అలాంటి శ్రద్ధ మిగతావాళ్లకి కూడా దొరికేలా చేద్దామన్నది ఆలోచన. అయితే ఆ మిగతావాళ్లు డబ్బున్నవాళ్లే అయ్యుండాలి. ఏడాది చందా పదివేల డాలర్ల పైమాటే. ఒక్కో డాక్టరుకి 50 కుటుంబాలే. మామూలు క్లినిక్‌లో ఒక్కో డాక్టరు కింద రెండువేల మంది, ఆపైన ఉంటారని గుర్తుపెట్టుకుంటే తేడా అర్థమవుతుంది. దీనికి కాన్సియర్జ్ వైద్యం అని పేరొచ్చింది. కాన్సియర్జ్ అంటే పెద్ద హోటళ్లలో అతిథులకి టిక్కెట్ల దగ్గర్నుంచి టాక్సీ దాకా ఏం కావాలన్నా చూసిపెట్టే మనిషి.

2004 అక్టోబరు నాటికి ఇలాంటి డాక్టర్లు దేశం మొత్తమ్మీద 146 మంది ఉన్నట్టు ప్రభుత్వ లెక్కల సంస్థ గుర్తించింది. చందాలు ఏడాదికి 60 డాలర్ల నుంచి 15,000 దాకా ఉన్నాయట. అంటే మొదట్నుంచే ఇది ఒక్క రకం కాదు. ఒక కొసన గొప్పింటి డాక్టరు, ఇంకో కొసన మామూలు సంసారాల డాక్టరు. ఈ రెండూ ఒకటే అనుకుంటే తికమకే.

ఇప్పటి రూపం అన్నానే గానీ చందా మాట ఈ నేలకి కొత్త కాదు. మాకు దక్షిణంగా గంట దూరంలో టకోమా ఉంది. అక్కడ 1910లోనే వెస్టర్న్ క్లినిక్ అనే చోట కలప మిల్లుల కార్మికులకి నెలకి 50 సెంట్ల చందాతో వైద్యం చేసేవారు. రంపాల కింద వేళ్లు తెగే పని అది. ఆరోగ్యంగా ఉన్న నెల కట్టిన చందా దెబ్బ తగిలిన నెలలో అక్కరకొచ్చేది. ఈ పద్ధతి తమ రాబడికి గండి కొడుతుందని మిగతా డాక్టర్లకి భయం పట్టుకుంది. 1917లో ఆ జిల్లా డాక్టర్లంతా కలిసి తమ సొంత చందా సంఘం పెట్టుకున్నారు.

తర్వాత 1947లో సియాటిల్‌లోనే గ్రూప్ హెల్త్ కోఆపరేటివ్ మొదలైంది. కార్మిక సంఘాలవాళ్లు, రైతులు, సహకార సంఘాలవాళ్లు ఇంటికి 100 డాలర్ల చొప్పున వేసుకుని ఏకంగా ఒక ఆసుపత్రికే యజమానులయ్యారు. మన పాల సొసైటీలో రైతులే సభ్యులుగా ఉన్నట్టు ఇక్కడ రోగులే సభ్యులు. స్థానిక డాక్టర్ల సంఘం ఒప్పుకోలేదు. గ్రూప్ హెల్త్‌లో చేరిన డాక్టర్లని తమ సంఘంలోకి రానివ్వలేదు, వేరే ఆసుపత్రుల గడప తొక్కనివ్వలేదు. వీళ్లు కోర్టుకెక్కారు. 1951లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు వీళ్ల వైపే తీర్పు చెప్పింది.

మరి ఇంత పాత చందా పద్ధతి మధ్యలో ఎందుకు మరుగున పడింది? రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, జీతాలు ఇష్టమొచ్చినట్టు పెంచడానికి వీల్లేదని ప్రభుత్వం కట్టడి పెట్టింది. పనివాళ్లని నిలబెట్టుకోవాలంటే జీతం కాకుండా ఇంకేదో ఇవ్వాలి. కంపెనీలు ఆరోగ్య బీమా ఇచ్చాయి. దాని మీద పన్ను కూడా లేకపోవడంతో అదే ఆనవాయితీ అయిపోయింది. 1965లో వృద్ధులకి మెడికేర్ వచ్చింది. క్రమంగా డాక్టరుకి డబ్బిచ్చే చెయ్యి రోగిది కాకుండా పోయింది. బీమావాళ్లు చూసిన రోగికింత, చేసిన పరీక్షకింత అని లెక్కగట్టి ఇస్తారు. ఆ కాగితాలు నింపడానికి వేరే మనుషులు కావాలి, వాళ్ల జీతాలకి ఇంకా ఎక్కువమంది రోగులు కావాలి. అలా మనకి మిగిలింది పదిహేను నిమిషాల డాక్టరు. కంప్యూటర్ వైపు చూస్తూనే "ఇంకేమైనా ఉందా?" అని అడిగే డాక్టరు.

ఈ చిక్కు విప్పడానికే ఇంకో సియాటిల్ డాక్టరు, గారిసన్ బ్లిస్, 1990ల చివర్లో తన క్లినిక్‌ని నెలచందాకి మార్చారు. బీమా వద్దు, బిల్లుల గుమాస్తాలు వద్దు, రోగి నెలనెలా ఇచ్చేది నేరుగా డాక్టరుకే. దీన్నే డైరెక్ట్ ప్రైమరీ కేర్ అంటారు. 2007లో ఆయన, ఆయన బంధువు డాక్టర్ ఎరికా బ్లిస్, ఇంకొందరు కలిసి క్యూలయెన్స్ అనే సంస్థని మొదలుపెట్టారు. ఈసారి గురి గొప్పవాళ్లు కాదు, మామూలు జనం. అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఇది బీమా కాదు అని తేల్చింది. జబ్బు ఉందన్న కారణం ఒక్కటే చూపి ఎవర్నీ చేర్చుకోనని అనకూడదంది. 2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య చట్టంలోనూ ఈ పద్ధతికి చోటు దొరికింది. జెఫ్ బెజోస్, మైకేల్ డెల్ లాంటివాళ్లు క్యూలయెన్స్‌లో డబ్బు పెట్టారు. తర్వాత మెడికెయిడ్ కింద ఉండే పేదవాళ్లని కూడా వేలల్లో చేర్చుకుంది. ఇంత చేసీ, ఆదాయం చాలక, 2017లో మూతపడింది. అదే ఏడాది గ్రూప్ హెల్త్ కూడా కైజర్ పర్మనెంటేలో కలిసిపోయింది. సామాన్యుల పేరు మీద ఈ ఊళ్లో పుట్టిన రెండు ప్రయత్నాలూ ఒకే ఏడాది తమ పేరు పోగొట్టుకున్నాయి. గొప్పవాళ్ల కోసం పుట్టిన ఎండీ స్క్వేర్డ్ మాత్రం ఊరూరా పెరిగింది.

ఇప్పుడు నా సంగతి. పదకొండేళ్లుగా మేం చూపించుకుంటున్న డాక్టరమ్మ దగ్గర్నుంచి నిరుడు ఒక ఉత్తరం వచ్చింది. తన దగ్గరున్న 2,200 మందిలో ఇకనుంచి 400 మందినే చూస్తానని, మనిషికి ఏడాదికి 2,000 డాలర్లు సభ్యత్వమని, మూడు నెలల్లో తేల్చుకోమని రాసింది. మంచి మనిషి. మా అత్తగారి కోసం "నొప్పి ఉందా?" అన్న రెండు మాటలు నేర్చుకున్న మనిషి. సాయంత్రం ఎనిమిదింటికి కూడా క్లినిక్‌లో కూర్చుని కాగితాలు రాసుకోవడం నేను చూశాను. ఆమె మీద నాకు కోపం రాలేదు. కానీ ఇంట్లో ఐదుగురం. పదివేల డాలర్లు.

ఉత్తరం చదివి వినిపిస్తే మా అత్తగారు, "జబ్బు రాకపోయినా ఇవ్వాల్సిందేనా?" అన్నారు.

"అవునత్తయ్యా, వచ్చినా రాకపోయినా."

"అయితే అది మేరన్నమాట," అన్నారు.

ఎన్నేళ్లయింది ఆ మాట విని! బి.ఏ. తెలుగులో పన్నిద్దరు ఆయగాండ్ర గురించి చదివి పరీక్ష రాసి మర్చిపోయాను. ఆవిడ మాత్రం తణుకు దగ్గర పల్లెలో కళ్లం మీద చూసింది. పంట నూర్చిన రోజున వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి ఇంత అని ధాన్యం కొలిచి ఇచ్చేవారు. అదే మేర. ఆ మంగలే కురుపులు కోసి కట్టు కట్టేవాడు. ఆ ఇంటి ఆడమనిషే మంత్రసాని. అర్ధరాత్రి నొప్పులు మొదలైతే కబురు వెళ్లేది, ఆమె వచ్చేది. ఆ క్షణంలో డబ్బు మాట ఉండేది కాదు. మా వారిని అలాంటి చేతులే ఈ లోకంలోకి దించాయట.

అలాగని ఆ రోజులు బంగారం అననక్కర్లేదు. పిలిస్తే రానని చెప్పే హక్కు ఆ మంత్రసానికి లేదు. కొలిచి ఇచ్చింది తీసుకోవాలి, పురుడు పోసిన ఇంట్లోనే గడప ఇవతల కూర్చోవాలి. అక్కడ సేవ చేసేవాళ్లకి కాదనే స్వేచ్ఛ లేదు. ఇక్కడ సేవ కావాల్సినవాళ్లలో కొందరికి లోపలికొచ్చే దారి లేదు. అయితే మేర పరిధిలో ఊరంతా ఉండేది. ఊళ్లో 2,200 మంది ఉంటే 1,800 మందిని తీసేసి మిగతావాళ్లకి పురుళ్లు పోస్తానని ఏ మంత్రసానీ అనలేదు.

ఆ 1,800 మంది గురించే నా ఆలోచనంతా. క్లినిక్‌లో తరచూ కనబడే సోమాలీ ఆవిడ ఉంది, ముగ్గురు పిల్లలతో వచ్చేది. పలకరింపుగా నవ్వుకునేవాళ్లం. ఆవిడకీ ఇదే ఉత్తరం వచ్చి ఉంటుంది. డాక్టరమ్మ అలసట తీరితే ఆ అలసట మాయమైపోదు కదా, పక్క క్లినిక్ డాక్టరు నెత్తికెక్కుతుంది. మేం కొత్త క్లినిక్‌కి ఫోన్ చేస్తే రెండు నెలల తర్వాత రమ్మన్నారు.

చివరికి ఏం చేశామంటే, అత్తగారిని ఒక్కదాన్నే నెలచందా క్లినిక్‌లో చేర్చాం. పాత డాక్టరమ్మ దగ్గర కాదు, ఇంకోచోట, నెలకి 110 డాలర్లకి. ఆవిడకి గ్రీన్‌కార్డు వచ్చి మూడేళ్లే అయింది. మెడికేర్ కొనుక్కోవాలన్నా ఐదేళ్లుండాలి. కొన్న బీమాలో డిడక్టబుల్ కొండంత. షుగరు మనిషికి తరచూ చూసే డాక్టరు కావాలి. మిగతా నలుగురం రెండు నెలలు ఆగి పెద్ద క్లినిక్‌లోనే చేరాం.

మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తే కొన్ని సంగతులు చూసుకోండి. కాన్సియర్జ్ డాక్టర్లలో చాలామంది చందా తీసుకుని, మళ్లీ మీ బీమాకి కూడా బిల్లు పంపుతారు. డైరెక్ట్ ప్రైమరీ కేర్ వాళ్లు పంపరు. ఏ చందా అయినా ఆసుపత్రిలో చేరితే పనికిరాదు, బీమా విడిగా ఉండాల్సిందే. అమెజాన్ 2023లో కొనేసిన వన్ మెడికల్ చందా చౌకగా కనిపిస్తుంది గానీ అక్కడ చూపించుకున్న ఖర్చు బీమాకే వెళ్తుంది. హెచ్.ఎస్.ఎ. ఖాతా ఉన్నవాళ్లకి 2026 జనవరి నుంచి ఒక వెసులుబాటు ఉంది. చందా నెలకి ఒక్కరికైతే 150, కుటుంబానికైతే 300 డాలర్లు మించకపోతే ఆ ఖాతాలోంచే కట్టుకోవచ్చు. క్లినిక్ మూతపడితే కట్టిన చందా వెనక్కిస్తారో లేదో సంతకం పెట్టేముందే అడగండి. క్యూలయెన్స్ అంతటిదే మూతపడింది.

అత్తగారి కొత్త డాక్టరు మొదటిసారి 50 నిమిషాలు మాట్లాడారు. నేను దుబాసీగా పక్కన కూర్చున్నాను. మోకాళ్ల దగ్గర్నుంచి మావయ్యగారు పోయిన దిగులు దాకా ఆవిడ అన్నీ చెప్పుకుంది. ఈ చరిత్రంతా చదివాక నాకు తెలిసింది ఇదే. 1910లో మిల్లు కూలీ అర డాలరుకి కొన్నది మందు, కట్టు. ఇప్పుడు మనం కొంటున్నది మన మాట పూర్తయ్యేదాకా వినే మనిషిని. అది నెలకి 110 డాలర్లు కట్టగలిగినవాళ్లకే దొరకడం న్యాయం కాదని, కట్టగలిగిన దాన్ని కాబట్టే, చెప్పాలనిపించింది.