బీచర్, హెన్రీ వార్డ్ (1813–1887)

అమెరికాకు చెందిన కాంగ్రిగేషనల్ మతబోధకుడు, వక్త, బానిసత్వ వ్యతిరేకి. కనెక్టికట్ రాష్ట్రంలోని లిచ్‌ఫీల్డ్‌లో 1813 జూన్ 24న జన్మించాడు. తండ్రి లైమన్ బీచర్ పేరొందిన మతబోధకుడు; అక్క హారియట్ బీచర్ స్టోవ్ ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ నవలా రచయిత్రి. ఇండియానాలో ప్రెస్బిటేరియన్ చర్చిలలో పనిచేశాక, 1847లో బ్రూక్లిన్‌లోని ప్లిమత్ చర్చి బాధ్యతలు చేపట్టి చివరిదాకా అక్కడే కొనసాగాడు. బానిసలను వేదికపై నిలబెట్టి, వేలంపాట తరహాలో చందాలు పోగుచేసి విడిపించేవాడు. 1860లో పింకీ అనే తొమ్మిదేళ్ల బాలిక కోసం 900 డాలర్లు పోగయ్యాయి. చందా పళ్లెంలో పడిన ఉంగరాన్ని బీచర్ ఆమె వేలికే తొడిగాడు. అంతర్యుద్ధ కాలంలో, 1863లో, ఇంగ్లండ్ వెళ్లి ఉత్తరాది పక్షాన ప్రసంగించాడు. పరిణామవాదానికీ క్రైస్తవానికీ వైరం లేదన్నాడు. వివాహేతర సంబంధం ఆరోపణపై 1875లో జరిగిన విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. 1887 మార్చి 8న మరణించాడు.